మాక్ పోల్‌కు ముందు

"ఈవీఎంకి నెట్ లేదు. ఎన్నికలు చెడగొట్టే ముఠాకి కావలసింది మెషీన్ కాదు," అన్నాడు చీఫ్ చంద్రశేఖర్, మచిలీపట్నం లాడ్జి గదిలో.

"మరేంటి సార్?" అడిగింది ఏజెంట్ లక్ష్మీదుర్గ.

"జనం భయం. ఒక్క వీడియో చాలు. నాగాయలంక దగ్గర బూత్ ఎంచుకున్నారు. క్రితంసారి అక్కడ రెండు పార్టీలూ కొట్టుకుని తలలు పగిలాయి. లోపల మన హారిక ఉంటుంది. కోడ్, పీతలు."

పోలింగ్ రోజు తెల్లవారింది. వేలికి సిరా వేసే ఉద్యోగిని వేషంలో లక్ష్మీదుర్గ బూత్‌లో కూర్చుంది. చెవి కమ్మలో మైక్. ప్రిసైడింగ్ ఆఫీసర్ బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

వెబ్‌కాస్టింగ్ కెమెరా దగ్గర నిలబడిన అమ్మాయి నవ్వింది. అంత పొద్దున్నే లిప్‌స్టిక్, సెంటు.

"పీతలు దొరికాయా అక్కా?"

"పోటుకు వచ్చాయి, ఆటుకు పోయాయి."

హారిక గొంతు తగ్గించింది. "వీవీప్యాట్ స్లిప్పుల పెట్టెలో ముఠా వాళ్ళు చిప్ పెట్టేశారు. మాక్ పోల్ అయ్యాక పార్టీ ఏజెంట్ల ముందు పెట్టె తెరుస్తారు. చూస్తే ఊరు తగలబడుతుంది. ఇప్పుడే తీసెయ్. కెమెరా ఆపేశాను."

లక్ష్మీదుర్గ లేచింది. పెట్టె మూత మీద వేళ్ళు పెట్టింది.

"కొంచెం ఇటు తిరుగు అక్కా."

ఎందుకు?

కెమెరా తన వైపే తిరిగి ఉంది. పార్టీల వాళ్ళు రాకముందే మెషీన్ తెరుస్తున్న ఉద్యోగిని. చీఫ్ చెప్పిన ఆ వీడియో తనదే!

చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏజెంట్లు రానీ."

"పిచ్చా? చిప్ బయటపడితే?"

లక్ష్మీదుర్గ తిరిగి కుర్చీలో కూర్చుంది. నిజంగా చిప్ ఉంటే? గుండె చప్పుడు మైక్‌లో చీఫ్‌కి వినిపిస్తోందేమో.

బయట మోటార్‌సైకిల్ ఆగింది. రెండు పార్టీల ఏజెంట్లూ దాని మీంచే దిగారు.

"మీ గుర్తుకి డిపాజిట్ కూడా రాదు బావా."

"నీ మొహం, ముందు పెట్రోలు కొట్టించు."

వాళ్ళ ఎదుటే మాక్ పోల్, ఉత్తుత్తి ఓటింగు, జరిగింది. లెక్క సరిపోయింది. ఆఫీసర్ పెట్టె తెరిచాడు. లక్ష్మీదుర్గ ముందుకు వంగి చూసింది.

స్లిప్పులు రాలాయి. ఇంకేమీ లేదు.

"పీత దొరికింది, బుట్ట మూయండి," అంది కమ్మలోకి. గుమ్మం దాటబోయిన హారికని మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు. ఆపేశానన్న కెమెరా ఆన్‌లోనే ఉంది.

జీపెక్కుతూ హారిక పళ్ళు కొరికింది. "ఈ రెండు పార్టీల వాళ్ళూ కొట్టుకు చస్తారన్నారే!"

"చస్తారు," అంది లక్ష్మీదుర్గ. "కానీ ఇంటికెళ్ళడానికి బండి ఒక్కటే."