దూది పట్టిన ఫిల్టరు

ఆదోనిలో ఆదెప్ప మెకానిక్ షెడ్డు ముందు ఎర్ర కారు ఆగింది. ఆగీ ఆగకముందే ఇంజిన్ ఆపేసి కవిత దిగింది.

"అట్ల ఆపకూడదు మేడం," అన్నాడు ఆదెప్ప.

"ఆపేసినాను కదప్పా."

దూరం తోలుకొచ్చిన టర్బో బండిని ఉన్నపళంగా ఆపితే, కాగిన టర్బోలో ఆయిల్ మాడిపోతుందనీ, ఒక్క నిమిషం ఊరికే తిరగనివ్వాలనీ చెప్పాడు. ఆ రోజు మొత్తంలో అతను మాట్లాడిన పొడుగు మాట అదే.

కవితది ఎమ్మిగనూరు. ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో దూది నాణ్యత చూసే ఉద్యోగం. రోజూ నాన్న కారులోనే వచ్చిపోతుంది. దానిది లీటరు కెపాసిటీ పెట్రోలు ఇంజిన్, మూడే సిలిండర్లు. టర్బో గాలిని ఒత్తి నింపబట్టి పెద్ద బండిలా లాగుతుంది. అలాంటిది వారంగా, లారీని దాటబోతే కూత వేస్తూ వెనకబడుతోంది.

ఆదెప్ప బానెట్ ఎత్తాడు. టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు చిట్లి గాలి పోతోంది. గాలిని వడకట్టే ఫిల్టరు డబ్బా తెరిస్తే లోపల పిట్టగూడంత దూది.

"మిల్లులో బండి యాడ పెడతావు?"

"మిషన్ల పక్కన. నీడ ఉంటాదని."

అతను నవ్వాడు. ఆమె కోపంగా చూసింది. ఆ కోపం కళ్ల దాకే ఉందనీ, పెదవుల మీదికి దిగలేదనీ ఆదెప్ప కనిపెట్టాడు.

పైపు మార్చాడు. ఫిల్టరు దులిపి బిగించి, వారం వారం చూపించాలన్నాడు. నిజానికి నెలకోసారి చాలు. నోటికి అలా వచ్చేసింది.

కవిత ప్రతి సోమవారం వచ్చింది. పది నిమిషాల పని అతని చేతిలో అరగంట పట్టేది. ఆమె మిల్లు ముచ్చట్లు చెప్పేది, మాటకు మాట ఇవ్వడం రాదా అని ఎక్కిరించేది.

ఏడో సోమవారం కారులోంచి దిగింది ఆమె తండ్రి ఎర్రిస్వామి. వారం వారం మెకానిక్ కాడికొచ్చే బండి తనకొద్దనీ, రేపే అమ్మేస్తాననీ చెప్పాడు. బస్సులను నమ్ముకుంటే షిఫ్టు అందదు కాబట్టి కవిత ఉద్యోగం మానుకుంటుందట.

నిజం చెబితే ఆమె ఉద్యోగం నిలబడుతుంది. ఆమె మాత్రం మళ్లీ ఈ గడప తొక్కదు. ఆదెప్ప చేతులు తుడుచుకున్నాడు.

"బండి బంగారమట్లుంది పెద్దాయనా. అమ్మొద్దు. నెలకోసారి దులిపితే సాలు."

"మరి వారం వారం అంటివే?"

"కవిత వస్తాదని."

ఎర్రిస్వామి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఈ మాట నీ నోట్లోనుంచి వస్తాదో రాదో సూద్దామని వచ్చినా. బండి అమ్మేది లేదు. మా పాప మొదటి వారమే బండితో ఇచ్చిన బుక్కు సదివినాదంట. వారం వారం అక్కర లేదని తెలిసే వచ్చినాది. నిన్న నాకు సెప్పింది." కారు తలుపు తీస్తూ అన్నాడు, "ఆదివారం మీ అమ్మను పిల్సుకోని ఎమ్మిగనూరికి రా."

ఆదెప్ప వేళ్ల మీద లెక్క పెట్టాడు.

"ఆదివారానికి ఇంగా ఆరు దినాలుండాయి పెద్దాయనా."