తెర అంచు దాటిన చూపు

ఆ షాటు ఎన్నోసారి దిద్దుతున్నానో నాకే గుర్తు లేదు. మా యానిమేషన్ సినిమాలో చివరి సీను. గదిలో తల్లి నిద్రపోతుంటుంది. పాప మంచం దిగి, కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూసి నవ్వుతుంది. అంతే. చూసేవాళ్ళ కన్ను ఆ నవ్వు మీద పడాలి.

పడి చావడం లేదు.

"ఎడమవైపు ఆ చీకటి మూల ఉంది చూడు, నా కన్ను అటే పోతోంది," అన్నాడు డైరెక్టరు. "పాప నవ్విందో లేదో కూడా చూడలేదు నేను. సాయంత్రానికి సరిచెయ్. లేదంటే సీనే ఎత్తేద్దాం."

ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా ప్రాణం పెట్టి గీసిన సీను. కిటికీ వెలుతురంతా పాప ముఖం మీదికి తెచ్చాను. నేల మీది చెక్కల గీతలన్నీ ఆమె పాదాల వైపు మళ్ళించాను. గదంతా బూడిద రంగు చేసి, గౌను ఒక్కటే ఎర్రగా ఉంచాను. ఇంకేం చెయ్యమంటారు? వేలు పెట్టి చూపించాలా?

మా ఎడిటర్‌ని అందరం బాబాయ్ అంటాం. ఆయన్ని పిలిచి చూపించాను. చూస్తుండగానే ఆయన మెడ ఎడమకి తిరిగింది.

"ఏముంది బాబాయ్ అక్కడ?"

"ఏమీ లేదమ్మా."

"మరెందుకు చూస్తున్నావ్?"

"ఏమో... కదిలినట్టనిపించింది."

కదలడానికి అక్కడ నేను బొమ్మే గీయలేదు! విసుగెత్తి ఆ మూలనే ఫ్రేములోంచి కోసి పారేశాను. పీడా పోయిందనుకున్నాను.

సాయంత్రం అందరూ ప్రివ్యూ గదిలో కూర్చున్నారు. తలుపు వేస్తే పగలైనా అక్కడ చీకటే. పాత కార్పెట్ ముక్కిన వాసన. ప్రొజెక్టరు సన్నటి రొద. నేను మాత్రం తెరకి ఎడమగా, గోడ చివర, వాళ్ళకి ఎదురుగా నిలబడ్డాను. ఈసారి సినిమా కాదు, వాళ్ళ కళ్ళు చూడాలి.

సీను మొదలైంది. పాప మంచం దిగింది. అందరి కళ్ళూ పాప వెంటే కదిలాయి. హమ్మయ్య...

ఆగాయి.

అన్నీ ఒక్కసారే ఎడమకి మళ్ళాయి. తెర అంచు దాటి, ఉత్త గోడ మీదికి.

నన్ను చూస్తున్నారేమో... కాదు. ఆ చూపు ఇంకా నా దాకా రాలేదు.

మెల్లగా వస్తోంది.

గోడ వెంబడి... నేలకి ఆనుకుని... పాకుతున్నదాన్ని చూస్తున్నట్టు.

"లైటు వెయ్యండి..." అన్నాను. ఎవరూ కదల్లేదు.

చూపులన్నీ నా కాళ్ళ పక్కన ఆగాయి. తర్వాత పైకి లేచాయి. నా మోకాలు... నడుము... భుజం... నా తల కూడా దాటి, ఇంకా పైకి. ఎవరూ రెప్ప వెయ్యడం లేదు. నా చెవి పక్కన తడి మట్టి వాసన.

లైట్లు వెలిగాయి. నా పక్కన ఎవరూ లేరు.

"ఇప్పుడు కుదిరింది!" డైరెక్టరు కళ్ళు నులుముకున్నాడు. "కన్ను ఎటూ పోలేదు."

"పాప నవ్వు చూశారా?"

"నవ్విందా?"

బాబాయ్ లేచి, తలుపు తీసి పట్టుకున్నాడు. నేను బయటికొచ్చి వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు. పక్కకి ఒదిగి, పొట్ట లోపలికి లాక్కుని, ఇంకొకరికి దారి ఇస్తున్నట్టు.

కాసేపాగి, అప్పుడు మూశాడు.