మెట్ల మలుపులో 'మనం'

తలకు కట్టుతో వచ్చిన అమ్మాయి కుర్చీలో సర్దుకోకముందే ఏడుపు అందుకుంది.

"నిన్న మధ్యాహ్నం భోజనం చేసిందాకా గుర్తుంది మేడమ్. మళ్ళీ కళ్ళు తెరిస్తే ఆసుపత్రిలో ఉన్నాను. మధ్యలో ఒక్క ముక్క గుర్తులేదు. తాతయ్య హార్మోనియం నేనే పగలగొట్టానంటున్నారు. రేపు సంగీత కళాశాలలో చేరాలి. పంపేది లేదని తాతయ్య భీష్మించుకు కూర్చున్నాడు."

డిటెక్టివ్ మేడమ్ కళ్ళు మూసుకుని వింటోంది. కొత్తవాళ్ళు ఆవిడ కునుకు తీస్తోందనుకుంటారు. సహాయకుడైన మాజీ కాంపౌండరు మాత్రం అది మహా మేధస్సు పనిచేసే తీరని చెబుతుంటాడు. ఒకటి రెండుసార్లు గురక వినిపించినా అతని నమ్మకం సడలలేదు.

ముగ్గురూ అమ్మాయి ఇంటికి వెళ్ళారు. మెట్ల మలుపులో హార్మోనియం పగిలి పడుంది.

"నేను పెరట్లో ఉన్నానండీ," అంది పిన్ని. "ఈమధ్య దీనికి పరధ్యానం ఎక్కువైంది. పాలగిన్నె మాడ్చిందీ ఇదే."

"అది మాడినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను కదా పిన్నీ?"

"నీకు గుర్తులేదుగా, ఊరుకో."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నేను సెలూన్లో గడ్డం చేయించుకుంటున్నాను. వచ్చేసరికి ఇది కిందపడి ఉంది."

అమ్మాయి వెక్కడం మొదలుపెట్టింది. బాబాయి మనసు కరిగింది. "ఏడవకు తల్లీ, నీ తప్పేముంది? మనం మలుపు తిరిగేసరికి నీ కాలు జారింది, అంతే."

ఇంత దయగల బాబాయి ఎంతమందికి ఉంటాడని కాంపౌండరు కళ్ళు తుడుచుకున్నాడు. మేడమ్ కళ్ళు తెరిచి, తాతయ్యతో సహా అందరినీ హాల్లోకి పిలిచింది.

"ఇక్కడ అబద్ధం చెప్పినవాళ్ళు ఇద్దరున్నారు."

"పాలగిన్నె మాడ్చింది నేనే," అంది పిన్ని, ఎవరూ అడక్కముందే.

మేడమ్ బాబాయి వైపు తిరిగింది. "ఇందాక అమ్మాయితో 'మనం మలుపు తిరిగేసరికి' అన్నారు. 'నువ్వు' అనలేదు. 'మేం' అన్నా అమ్మాయి అందులో ఉండేది కాదు. 'మనం' అంటే చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి ఉండాలి. సెలూన్లో కూర్చుని ఈ మలుపు ఎలా తిరిగారు?"

కాంపౌండరు 'మనం, మేం' అని వేళ్ళమీద లెక్క చూసుకుని నోరు తెరిచాడు. బాబాయి తాతయ్య వైపు తిరిగాడు.

"తెల్లారకముందే మీరు సాధన మొదలుపెడితే నాకు నిద్ర ఉండటంలేదు నాన్నా. పెట్టె మేడమీదికి చేర్చేద్దామని దీన్ని సాయం పట్టమన్నాను. మలుపులో తుమ్మొచ్చి నా వైపు వదిలేశాను. ఇది వదల్లేదు. పెట్టెను గుండెకి అదుముకుని దాంతోపాటే దొర్లింది. మీకు భయపడి చెప్పలేదు."

తాతయ్య మనవరాలి కట్టుమీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్యాల్సింది తల్లీ."

"నాకు గుర్తులేదు తాతయ్యా."

"నాకు గుర్తుంటుందిలే. రేపు పొద్దున్నే మనం కాలేజీకి బయల్దేరుతున్నాం."

బాబాయి బెరుగ్గా తలెత్తాడు. "మనం అంటే... నేను కూడానా నాన్నా?"

"దాని ట్రంకుపెట్టె ఎవరు మోస్తారు? ఈసారి రెండు వైపులా నువ్వే పట్టుకో."