అచ్చుకెక్కని లేబుల్

మెట్ల కింద పడి ఉన్న మనిషి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"జారి పడ్డాడు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "డెబ్భై దాటిన మనిషి. చెక్కమెట్లు. పైగా నిన్న సాయంత్రం వాన. చూస్తూంటేనే తెలిసిపోతోందిగా."

ఇన్‌స్పెక్టర్ శవం దగ్గరికి నడిచింది. ఆవిడ పొద్దున మొదటి పడవలో దీవికి వచ్చింది. ఒడ్డున దిగాక కూడా కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే అనిపించింది. శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చోగానే ఆ ఊపు ఆగిపోయింది.

చనిపోయినాయన్ని ఊరంతా రాళ్ళ మేస్త్రి అంటారు. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. చుట్టల పెట్టెల మీద అంటించే రంగురంగుల లేబుళ్ళను రాతి పలకల మీంచి అచ్చు తీసిన చివరి మనిషి.

ఆవిడ ఆయన చేతులు తిప్పి చూసింది. నాలుగైదు గోళ్ళు విరిగి ఉన్నాయి. వాటి కింద తెల్లటి పొడి.

"ఇదేంటి?"

"సున్నపురాయి పొడి మేడమ్. ఆయన రోజూ చేసే పనేగా."

"జారి పడేవాడు దొరికింది పట్టుకుంటాడు. ఇక్కడ దొరికేది చెక్క రెయిలింగ్. గోళ్ళు విరిగేంత గట్టిగా ఈయన పట్టుకున్నది రాయి."

హెడ్ మెట్ల రెయిలింగ్ కేసి చూశాడు.

పైన, పాత చుట్టల ఫ్యాక్టరీలో లేబుళ్ళు అచ్చు తీసిన ప్రెస్సు గది. తలుపు బార్లా తెరిచి ఉంది. నూనె వాసన, సిరా వాసన, వాటి అడుగున ఎన్నేళ్ళయినా వదలని పొగాకు వాసన. గోడ పొడుగునా అరల్లో రాతి పలకలు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఊళ్ళో సగం మంది చుట్టలు చుట్టినవాళ్ళే. కింద పొడవాటి హాల్లో వందలమంది వరసలుగా కూర్చుని ఆకు చుడుతుంటే, ఎత్తుపీట మీద కూర్చుని ఒకాయన పేపరు చదివి వినిపించేవాడట. చుట్ట కాలి బూడిదయ్యేది. లేబుల్ మాత్రం మిగిలేది. అందులోనూ నీలిపిట్ట లేబుల్ అంటే పెట్టె ఖాళీ అయ్యాక కూడా జనం పారేసేవారు కాదు. తరవాత మిషన్ సిగరెట్లు వచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు దీన్ని మ్యూజియం చేస్తున్నారు.

ప్రెస్సు మీద దుమ్ము పరుచుకుని ఉంది. నడిమధ్య మాత్రం ఒక పలకంత మేర శుభ్రంగా ఉంది.

"ఇక్కడో రాయి ఉండాలి. ఏది?"

హెడ్ అటూ ఇటూ చూశాడు. "అదే... లేదు మేడమ్."

కింద డాక్టరు చెప్పిన మాట ఇంకా ఘోరంగా ఉంది. దెబ్బ తల వెనక తగిలింది. ప్రాణం వెంటనే పోలేదు. గంటసేపైనా కొట్టుకుని ఉంటుంది.

మేస్త్రి కూతురు పడవల టికెట్ కౌంటర్‌లో పని చేస్తుంది. కౌంటర్ వెనక గదిలో, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే లేచి, బీరువాలోంచి చుట్టగా చుట్టిన కాగితం తీసి ఇచ్చింది.

"నాన్న పడిపోయి చావలేదండి. దీనికోసమే చంపేశారు."

ఇన్‌స్పెక్టర్ కాగితం విప్పింది. ఒక్క నలుపు రంగులో తీసిన అచ్చు. కిటికీ పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. పని గౌను మీద పొగాకు ఈనెలు. కుడిచేతిలో కుంచె. ఎదురుగా బల్ల మీద, సగం పూర్తయిన నీలిపిట్ట. బొమ్మ కింద ఒక పేరు.

"ఎవరిది?"

"మా నాన్నమ్మది. ఫ్యాక్టరీలో ఆకు ఈనెలు తీసేది. నీలిపిట్టను గీసింది ఆవిడే. పేరు మాత్రం పెద్ద యజమాని వేసుకున్నాడు. ఆవిడ ఇంకో రాయి మీద తన బొమ్మ గీసుకుని, అచ్చుకెక్కనివ్వరని తెలిసి గోడలో దాచేసిందట. మ్యూజియం కోసం గోడ విప్పుతుంటే పోయిన వారం దొరికింది. నాన్న ఒకే ఒక్క కాపీ తీశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడండి."

"దీన్ని ఎవరెవరు చూశారు?"

"లాడ్జిలో దిగిన లేబుళ్ళాయన, పాత లేబుళ్ళు పోగుచేసే ఆయన, మొన్న సాయంత్రం మా ఇంటికొచ్చి చూశాడు. ఇంకెవరికైనా నాన్న తీసుకెళ్ళి చూపించాడేమో నాకు తెలీదు. పగలంతా నేనిక్కడే ఉంటాను."

"రాయి సంగతి ఎవరికి తెలుసు?"

"చినబాబు గారికి నాన్నే చెప్పాడు. మ్యూజియంలో నాన్నమ్మ పేరు పెట్టమని అడిగాడు."

చినబాబు అంటే ఫ్యాక్టరీ పెద్ద యజమాని మనవడు. మ్యూజియం ఆయనదే. దానికి తాత పేరు పెడుతున్నాడు. 'తాతగారి కుంచె నుంచి పుట్టిన నీలిపిట్ట' అంటూ ఆ లేబుల్‌ని ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేస్తున్నాడు. సంతకాలు ఈ రోజే, సముద్రం అవతలి ఊళ్ళో.

"మధ్యాహ్నం పడవకి ఎవరెవరు టికెట్లు తీసుకున్నారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

కూతురు మొహం తుడుచుకుంది. "ఇద్దరూ."

గడియారం పదిన్నర చూపిస్తోంది. పడవ పన్నెండున్నరకి.

లేబుళ్ళాయన లాడ్జి గదిలో సామాను సర్దుకుంటున్నాడు. సన్నగా, పొడుగ్గా, కొంగలా ఉన్నాడు. బూట్లకు తడిమట్టి. హెడ్ ఆయన సూట్‌కేసు ఎత్తబోయి "అమ్మో!" అన్నాడు.

"రాయుందా ఇందులో?"

"ఆల్బములు సార్! చూసుకోండి."

తెరిచి చూశారు. అన్నీ లేబుళ్ళే.

"మేస్త్రి ఇంట్లో కాగితం చూశారా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"చూశాను. దండెం మీద ఆరేసి ఉంది. ముట్టుకోనివ్వలేదు."

"ఇమ్మని అడిగారా?"

"కాళ్ళావేళ్ళా పడ్డాను. ససేమిరా అన్నాడు."

"కోపమొచ్చిందా?"

"ఏడుపొచ్చింది."

"బొమ్మ ఎలా ఉంది?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఎడమ పక్కన కిటికీ. కుడిచేత్తో కుంచె పట్టుకున్న తీరు చూడాలి మేడమ్, అన్నం తినేంత సహజంగా పట్టుకుంది."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"వానలో ఒడ్డునంతా తిరిగాను. ఒక్కణ్ణే." ఆయన తన బూట్ల మట్టి కేసి చూసుకున్నాడు. "సాక్షులెవరూ లేరు. నన్ను పట్టుకెళ్తారా?"

ఆవిడ బయటికొచ్చింది.

చినబాబు ఆఫీసులో చల్లగా ఉంది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మాట మర్యాదగానే ఉంది.

"మేస్త్రి మా ఇంటి మనిషి లాంటివాడు మేడమ్. చాలా బాధగా ఉంది."

"ఆ కాగితం మీరు చూశారా?"

"చూశాను. మొన్న మధ్యాహ్నం ఇక్కడికే పట్టుకొచ్చాడు."

"రాయిని?"

"రాయిని నేనెందుకు చూస్తాను? ఆ ప్రెస్సు గదిలో కాలు పెట్టి ఏళ్ళయింది. ఆ నూనె వాసన నాకు పడదు."

"నీలిపిట్టను ఆయన తల్లి గీసిందని మేస్త్రి అన్నాడట."

చినబాబు నవ్వాడు. "తల్లి మీద ప్రేమ. తప్పు పట్టను. కానీ ఒక్క సంగతి చెప్తాను. ఆ బొమ్మలో ఆవిడ ఎడమచేత్తో గీస్తోంది. మరి మేస్త్రి తల్లిది ఎడమచేతి వాటమేనా? వాళ్ళమ్మాయినే అడగండి. కాదని తేలితే ఆ బొమ్మ ఆవిడది కాదు. అక్కడితో కథ సరి."

ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచి కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్నమ్మది ఎడమచేతి వాటమా అమ్మా?"

"కాదండీ. కుడిచేయే. ఎందుకలా అడిగారు?"

హెడ్ పెదవి విరిచాడు. "చినబాబు గారి మాటే నిలబడేట్టుంది మేడమ్. పాపం, మేస్త్రి ఎవరి బొమ్మో చూసి..."

ఇన్‌స్పెక్టర్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. చంకలోని ఫైలు తెరిచి కాగితం చూసింది. చాలాసేపు చూసింది. వెనక నుంచి వచ్చిన సైకిలువాడు బెల్లు కొట్టి కొట్టి పక్కనుంచి తప్పుకుని పోయాడు.

"హెడ్డు గారూ, చినబాబు కారు ఎక్కడుంది?"

"రేవు దగ్గర మేడమ్. పడవ కోసం."

"డిక్కీ చూసి రండి. తరవాత ముగ్గుర్నీ ప్రెస్సు గదికి తీసుకురండి. పడవ ఆగకపోయినా వాళ్ళు ఆగాలి."

పన్నెండింటికి ముగ్గురూ వచ్చారు. కూతురు గోడకి ఆనుకుని నిలబడింది. లేబుళ్ళాయన అరల్లోని రాళ్ళను చూస్తూ తన భయం కూడా మరిచిపోయాడు. చినబాబు గడియారం చూసుకున్నాడు.

"ఒక్కటే ప్రశ్న," అంది ఇన్‌స్పెక్టర్. "బొమ్మలో కుంచె ఏ చేతిలో ఉంది?"

"కుడిచేతిలో," అన్నాడు లేబుళ్ళాయన.

"ఎడమ," అన్నాడు చినబాబు. "నాకు బాగా గుర్తు. ఇందాకే చెప్పాను కదా."

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పరిచింది.

కుంచె కుడిచేతిలో ఉంది.

చినబాబు ముందుకు వంగాడు. రెప్ప వెయ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ అరలోంచి చిన్న పలక ఒకటి తీసి కాగితం పక్కన పెట్టింది. నీలిపిట్ట. "మీ ఫ్యాక్టరీ గేటు మీద ఈ పిట్ట ఎడమవైపు చూస్తుంది. రాయి మీద చూడండి. కుడివైపు చూస్తోంది. ఎందుకని?"

"అచ్చులో తిరగబడుతుంది కదా మేడమ్," లేబుళ్ళాయన మెల్లగా అన్నాడు. "రాయి మీద ఎప్పుడూ అద్దంలో చూసినట్టే గీస్తారు. కాగితం మీద కుడిచెయ్యి అయితే, రాయి మీద..." ఆయన మాట సగంలో ఆగిపోయింది.

"రాయి మీద ఎడమచెయ్యి," ఇన్‌స్పెక్టర్ పూర్తి చేసింది. "ఈ కాగితం చూసినవాళ్ళకి ఆవిడ ఎడమచేత్తో గీస్తున్నట్టు కనిపించదు. చినబాబు గారూ, మీరు కాగితం చూడలేదు. రాయిని చూశారు."

"పొరపాటు పడి ఉంటాను. కుడి ఎడమలు ఎవరికి గుర్తుంటాయి?"

"మీకు గుర్తున్నాయి. మీ వాదనంతా ఆ ఒక్క మాట మీదే నిలబెట్టారు. రాయి మీద బొమ్మ తిరగేసి ఉంటుందని మీకు తెలియకపోదు. తొందరలో తట్టలేదు. మీ కారు డిక్కీలో కూడా సున్నపురాయి పొడి ఉంది. మేస్త్రి గోళ్ళ కింది పొడి, ఈ పొడి ఒకటో కాదో ల్యాబువాళ్ళు చెప్తారు. ఈలోపు మీరే చెప్తారా?"

కింద పడవ కూత వేసింది.

చినబాబు స్టూలు మీద కూలబడ్డాడు. "చంపాలని రాలేదు. రాయి ఇచ్చెయ్యమన్నాను. రెండు చేతులా గుండెకి హత్తుకుని మెట్లు దిగబోయాడు. నేను లాగాను. వదల్లేదు... ఒక్కసారిగా రాయి మీంచి ఆయన చేతులు జారాయి. పడిపోయాడు."

"రాయి ఏం చేశారు?"

"గోనెలో చుట్టి, కార్లో తీసుకెళ్ళి రేవు చివర నీళ్ళలో పడేశాను."

గోడ దగ్గరున్న కూతురు అడుగు ముందుకేసింది. "మీరు వెళ్ళేటప్పటికి మా నాన్నకి స్పృహ ఉందా?"

చినబాబు తల ఎత్తలేదు.

"చెప్పండి. ఉందా?"

"ఉంది."

"ఏమన్నాడు?"

చినబాబు తన చేతుల కేసి చూసుకున్నాడు. "మంచినీళ్ళు అడిగాడు."

ఆమె కొట్టలేదు. తిట్టలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, ప్రెస్సు అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టర్ చినబాబు భుజం మీద చెయ్యి వేసి లేపింది. "నడువు," అంది, ఇంతసేపూ అన్న "గారూ" లేకుండా.

మర్నాడు నీళ్ళు వెనక్కి తగ్గాక, ఇద్దరు ఈతగాళ్ళు తాళ్ళు కట్టి గోనెని పైకి లాగారు. హెడ్ ముడి కోశాడు.

లేబుళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. "పాడైపోయి ఉంటుంది. ఉప్పునీళ్ళు."

కూతురు రాయి పక్కన కూర్చుని అరచేత్తో బురద తుడిచింది. రాయంతా తడిసి ఉంది. గీతలు మాత్రం తడవలేదు. జిడ్డుతో గీసిన గీతలు. వాటి మీద పడ్డ నీళ్ళు చిన్న చిన్న చుక్కలై పక్కకి జారిపోతున్నాయి. కిటికీ, కుంచె, మొహం, అన్నీ ఉన్నాయి.

హెడ్ కాగితం, కలం తీసుకున్నాడు. నిన్న "జారి పడ్డాడు" అన్న మనిషి ఈ రోజు ఒక్కో మాటా ఆచితూచి రాస్తున్నాడు. "స్వాధీనం చేసుకున్న వస్తువు, రాతి పలక ఒకటి... అని రాస్తే చాలా మేడమ్?"

"చాలదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఎవరు గీశారో కూడా రాయండి."

కూతురు రాయి మీద తిరగబడి ఉన్న అక్షరాల వెంట, కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ, నాన్నమ్మ పేరు చదివింది. హెడ్ రాసుకున్నాడు. ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదని పైకి చదివి వినిపించాడు.

"సరిగ్గా ఉందా అమ్మా?"

"ఉంది," అందామె. "ఇంకోసారి చదవండి."