తొమ్మిదో ఏటి గీత

వరద నీళ్లు మా వీధి కిటికీలు తాకిన ఏడాది అది. ఎంత లోతు వచ్చిందని అడిగితే నడుం దాకా అని ఒకరు, గొళ్లెం దాకా అని ఒకరు చెప్పేవారు. తపాలాఫీసు అమ్మాయి మాత్రం "నా తొమ్మిదో ఏడు దాకా" అంది. నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. నేను వడ్రంగిని. మాటలు తక్కువ.

వాళ్లింట్లో తలుపులన్నీ నాని ఉబ్బిపోయాయి. నాలుగు రోజుల పని. ఆ అమ్మాయి ఆఫీసులో ఉత్తరాలు వీధుల వారీగా విడదీసేది. వెళ్లేముందు నాకు టీ పెట్టి ఇచ్చేది.

"మేస్త్రిగారూ, పంచదార సరిపోయిందా?"

"ఊఁ."

"నేనేసింది ఉప్పు!"

"ఊఁ."

పగలబడి నవ్వింది. నిజంగానే ఉప్పు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. ఆ రోజు నుంచి నా పేరు మూగమేస్త్రి. ఆ పిలుపు వినడానికే పని కాస్త నెమ్మదిగా చేశాను.

నాలుగోరోజు ఆమెకు సెలవు. బయట వాన. వరదప్పుడు మిట్ట మీది బంధువులింట్లో ఉంచిన నాయనమ్మను తీసుకురావడానికి వాళ్ల నాన్న వెళ్లాడు. వంటింటి తలుపు పట్టేస్తోంది. తలుపు ఊడదీయడం కన్నా తేలికని ద్వారబంధాన్నే ఒక పక్క చిత్రిక పట్టాను. దాని మీద పెన్సిల్ గీతలున్నాయి. కొలతలకి మేమూ అలాగే గీసుకుంటాం, పనయ్యాక చెరిపేస్తాం.

"పాత మేస్త్రి బద్ధకస్తుడు. గీతలు అలాగే వదిలేశాడు. నేను తీసేశాను" అన్నాను. నా అంతట నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

ఆమె ముఖం పాలిపోయింది.

"అవి మేస్త్రివి కాదు. మా తాతయ్య గీసినవి. పుట్టినరోజు వస్తే చాలు, అక్కడ నిలబెట్టి నా ఎత్తు గీసి, పక్కన ఎన్నో ఏడో అంకె వేసేవాడు. నాన్నవి అటువైపు, నావి ఇటువైపు. ఇంటి మనుషులకి తప్ప ఎవరికీ గీసేవాడు కాదు. ఇప్పుడు తాతయ్య లేడు. నాయనమ్మ పొద్దున్నే వాటిని తడిమి గానీ పొయ్యి వెలిగించదు." వీధి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "మీరిక వెళ్లండి."

వెళ్తే మళ్లీ ఆ గడప తొక్కే ముఖం ఉండదు. చిత్రిక పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను.

"వినబడలేదా?"

"చిత్రికకి లేచిన చెక్క పొట్టు ఎక్కడికీ పోలేదు. గీతలు దాన్లోనే ఉన్నాయి."

ఆమె నేల మీది పొట్టు కేసి చూసి, నా పక్కనే చతికిలబడింది. ఉత్తరాలు విడదీసిన చెయ్యి అది. నేను ఒకటి వెతికేలోగా నాలుగు తీసింది.

"ఇది ఆరు. ఇది పన్నెండు. ఇదిగో పదిహేను! ఆ ఏడు నేను బొత్తిగా పెరగలేదు."

"పెరగాల్సిందంతా నోట్లోకి పోయుంటుంది."

తల తిప్పి చూసింది. "అమ్మో, మూగమేస్త్రికి నోరుంది!"

చుట్టలు తిరిగిన పొట్టును తడిపి, సాపు చేసి, చెక్క చారలు కలిసేలా బంకతో అతికించుకుంటూ వచ్చాను. తొమ్మిది మాత్రం దొరకలేదు. కుప్పంతా రెండుసార్లు వెతికాం. ఆమె కళ్లు నిండాయి.

అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీద వరద చార ఇంకా అలాగే ఉంది.

"నీ తొమ్మిదో ఏడు దాకా అన్నావుగా?"

'అన్నారుగా' అనాల్సింది. ఆమె పట్టించుకోలేదు. అప్పటికే టేపు అందుకుని గోడ దగ్గరికి పరుగెత్తింది. చార ఎత్తు కొలిచి, ద్వారబంధం మీద గీత గీశాను. పొట్టు అతికాక తలుపు మళ్లీ పట్టేసింది. ఈసారి తలుపునే చిత్రిక పట్టాను. మొదటే చేయాల్సిన పని.

సాయంత్రం నాయనమ్మ వచ్చింది. కూర్చోకుండా నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచి గీతలు తడిమింది. తొమ్మిది దగ్గర వేలు ఆగింది.

"ఇది మీ తాతయ్య గీసింది కాదే. ఆయన చెయ్యి వంకర. ఇంత తిన్నగా జన్మలో గీయలేదు."

అమ్మాయి నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"చెరిపింది నేను, గీసింది నేను. తప్పు నాది. ఇంకో మాట కూడా ఉందమ్మా. మీ మనవరాలిని నేను పెళ్లి చేసుకుంటాను."

వాళ్ల నాన్న గొడుగు మడవడం మర్చిపోయాడు. "నీకిన్ని మాటలు వచ్చా?"

"నన్నడగవా?" అంది అమ్మాయి.

"నిన్నే అడుగుతున్నా. వాళ్లు వింటున్నారంతే."

ఆమె నాయనమ్మ వైపు తిరిగింది. "ఉప్పు టీ కిక్కురుమనకుండా తాగేవాడు ఇంకెక్కడ దొరుకుతాడే!"

నాయనమ్మ నన్ను పాదాల నుంచి తల దాకా చూసింది. ద్వారబంధం వైపు చూసింది.

"ఇప్పుడు కాదులే. సాయంత్రానికి మనిషి ఎత్తు కాస్త తగ్గుతుంది. పొద్దున్నే రా."

మర్నాడు తెల్లవారగానే వెళ్లాను. చెప్పులు విప్పి, అమ్మాయి గీతలున్న వైపు వీపు ఆనించి నిలబడ్డాను. చెవి మీది పెన్సిల్ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమెకి అందలేదు. పీట తెచ్చుకుంది.