అమ్మ తెల్లబూట్లు

"ఇవాళ ఒక్కరోజు ఉండిపోవే అమ్మా!"

సత్యప్రియ తల్లి కొంగు పట్టుకుని వేలాడింది. మూడింటికి స్కూల్లో వార్షికోత్సవం. తను డాన్సు చేస్తోంది.

లీలావతి అమలాపురంలో నర్సు. రెండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

"సెలవడిగేనమ్మా, ఇవ్వలేదు. హెడ్ నర్సు పరీక్ష పాసైతే రాత్రి డ్యూటీలైనా తప్పుతాయి. నీ పక్కనే పడుకుంటాను."

"పోయినేడూ ఇదే చెప్పేవు."

లీలావతి గడియారం చూసుకుంది. దేవుడికి దణ్ణం పెట్టుకోడానికి లోపలికి వెళ్ళింది.

అంతలో సత్యప్రియ అమ్మ తెల్లబూట్లు తీసి, పెరట్లో ఒలిచిన కొబ్బరి డొక్కల గుట్ట వెనక దాచేసింది. 'స్వామీ, అమ్మ ఉండిపోవాలి' అని మొక్కుకుంది కూడా.

లీలావతి ఇల్లంతా వెతికింది. ఈలోగా వాళ్ళ ఊరు ఉప్పలగుప్తం నుంచి అమలాపురం వెళ్ళే బస్సు దాటిపోయింది. ఆసుపత్రికి ఫోను చేద్దామంటే ఎస్టీడీ బూత్ మూసి ఉంది. చివరికి ఇంట్లో చెప్పులతోనే తర్వాతి బస్సెక్కింది.

సత్యప్రియకు మామ్మే జడ వేసి స్కూలుకు తీసుకెళ్ళింది.

స్టేజీ వెనక ఒకటో తరగతి ఉదయ్ కిరణ్ కూర్చుని ఉన్నాడు. తలలో నెమలీక ఉంది.

"కిట్టయ్యా, రారా! నీ పాట వచ్చేసింది," అన్నారు నరసింహమూర్తి మాస్టారు.

"మా అమ్మ నీలంరంగు వేస్తానందండీ. అమ్మొస్తేనే వస్తానండీ."

"ఒరేయ్, తెల్ల కృష్ణుడు!" పిల్లలు నవ్వారు.

ఎంత బతిమాలినా వాడు కదల్లేదు. వాడి పాట దాటిపోయింది. సత్యప్రియ డాన్సూ అయిపోయింది.

అప్పుడొచ్చింది వాడి అమ్మ శాంతి. ఆమె కూడా నర్సే, లీలావతితోనే పని. డ్యూటీ చీర మీదే పరుగున వచ్చింది. చేతిలో రంగు డబ్బా.

"అయిపోయిందాండీ?"

"ఆయ్... అయిపోయిందమ్మా," అన్నారు మాస్టారు.

"నా తర్వాత రావాల్సినావిడకి బస్సు తప్పిపోయిందండీ. ఆవిడకి అప్పగించకుండా వార్డు వదిలి ఎలా రానండీ?"

ఉదయ్ కిరణ్ నెమలీక తీసి మాస్టారి చేతిలో పెట్టేశాడు. అమ్మవైపు చూడలేదు.

సత్యప్రియ మెల్లగా గజ్జెలు విప్పుకుంది. తన అమ్మ ఉండిపోవాలని మొక్కింది. వీడి అమ్మ ఉండిపోయింది. స్వామి ఎవరి మాట విన్నట్టు?

అమ్మ ఇంటికి రాగానే బూట్లు తెచ్చి ముందు పెట్టింది. ఏడుస్తూ అంతా చెప్పింది.

లీలావతి తిట్టలేదు.

"బాబు పాట అయిపోయిందా?" అని మాత్రం అడిగింది. తర్వాత చాలాసేపు బూట్లకంటిన కొబ్బరి పీచు దులుపుతూ కూర్చుంది.

మర్నాడు ఆదివారం. అమ్మకి ఆ రోజూ డ్యూటీయే. మధ్యాహ్నం అయ్యేసరికి బూట్లు శుభ్రంగా తుడిచి, గుమ్మం ముందు పెట్టి ఉన్నాయి.

"అమ్మా, బస్సొచ్చేస్తుంది. శాంతి ఆంటీ నీకోసం చూస్తూంటారు. ఉదయ్ వాళ్ళమ్మ కోసం."

లీలావతి బూట్లు వేసుకుని మెట్లు దిగింది. సత్యప్రియ కళ్ళు తుడుచుకుంది.

కొంగు మాత్రం పట్టుకోలేదు.