తుడవని లెన్స్

"ఇవాళ నీ అసైన్‌మెంట్ ఒక్కటే. ఇంటికి తాళం వేసి పారిపో," అన్నాడు ఫోన్లో చీఫ్.

ఏజెంట్ ఉడుం ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. పట్టిందంటే వదలదని డిపార్ట్‌మెంట్లో పెట్టిన పేరది. ఇరుగుపొరుగుకు మాత్రం ఆమె ఇంటి వెనకగదిలో లేజర్ కటర్ పెట్టుకుని స్టిక్కర్లు కోసుకునే మామూలు మనిషి.

"ఎందుకు పారిపోవాలి?"

"నీ అడ్రస్ లీకయింది. మీ అన్నయ్యను కాల్చిన విదేశీ ముఠా చేతిలో పడింది."

అన్నయ్య కూడా ఏజెంటే. మూడు రోజులుగా ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. డిపార్ట్‌మెంట్లో ముఠాకు అమ్ముడుపోయింది ఎవరో అతనొక్కడికే తెలుసు. అతను కళ్ళు తెరిస్తే ముఠా పని సరి. అందుకే అతని మందు సీసాలన్నిటికీ ప్రత్యేకమైన స్టిక్కర్ సీళ్ళు వేస్తున్నారు. వాటిని కోసేది ఉడుమే. సీలు నిండా లేజర్ వెంట్రుకంత సన్నటి గళ్ళు కోస్తుంది, అడుగు కాగితం మాత్రం తెగదు. గోటితో పీకితే సీలు ముక్కలుముక్కలుగా రావాలి. ఒక్క ముక్కగా వచ్చిందంటే అది దొంగ సీలు.

"నేను పారిపోతే రేపటి సీళ్ళు ఎవరు కోస్తారు, మీరా?"

"ఇది ఆర్డర్!"

"సారీ చీఫ్, ఆర్డర్ నాకు వినబడలేదు." ఫోన్ పెట్టేసింది.

జిగురున్న సరుకు కోసే మిషన్‌తో ఒకటే తంటా. జిగురు కాలిన పొగ వెళ్ళి లెన్స్ మీద పేరుకుంటుంది. ఇరవై సీళ్ళకోసారి మిషన్ ఆపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. లేదంటే లేజర్ నీరసించి కోత లోతుకు దిగదు. పొద్దుటినుంచి పద్దెనిమిది సీళ్ళు కోసి ఆసుపత్రికి పంపేసింది. ఉడుం స్పిరిట్ సీసా అందుకోబోతుంటే కాలింగ్ బెల్ మోగింది.

"గమ్‌టేపు కావాలండీ," అంది బయట ఆడగొంతు.

"ఎంత వెడల్పు?"

"అత్తగారి నోటికి సరిపడా."

కోడ్ సరిపోయింది. ఉడుం తలుపు తీసింది. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్, గదంతా కమ్మేసే సెంటు. చీఫ్ గారి సెక్రటరీ! ఆమె వెనక కొరియర్ యూనిఫాంలో ఓ బండవాడు, వాడి చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"అమ్ముడుపోయింది నువ్వా?"

"మంచి రేటు వచ్చిందక్కా," నవ్వింది లిప్‌స్టిక్. "మందు సీసాల్లో విషం నింపేశాం. నలభై సీళ్ళు కావాలి. కోసిపెట్టు."

"చస్తే కోయను."

"వద్దులే, నేనే కోసుకుంటా. నువ్వు కోస్తుంటే వందసార్లు చూశాను. నిన్ను చంపను కూడా. సీళ్ళు నీ మిషన్‌లో కోసినవి కదా, అన్నను చంపిన నేరం మోయడానికి నువ్వు బతికుండాలి."

బండవాడు ఉడుం ఫోన్‌ను బూటు కింద నలిపి, ఆమె చేతులు వెనక్కి విరిచి, కుర్చీకి ప్యాకింగ్ టేపుతో చుట్టేశాడు. లిప్‌స్టిక్ మొదటి సీలు కోసి పీకి చూసింది. ముక్కలైంది. తృప్తిగా తలూపి, గుర్తొచ్చినట్టు స్పిరిట్ సీసా మీద చెయ్యి వేసింది.

లెన్స్ తుడిస్తే నలభై సీళ్ళూ అచ్చం అసలువే అవుతాయి. అన్నయ్య దక్కడు. మరుక్షణం ఉడుం తేనె కారేలా అంది.

"తుడువు చెల్లీ, బాగా తుడువు. మూత తీసి ముందు కాస్త వాసన కూడా చూడు."

లిప్‌స్టిక్ చెయ్యి అగ్గి తగిలినట్టు వెనక్కి వచ్చింది.

"నీ ఎత్తులు నా దగ్గరా?" సీసాను హీలుతో దూరంగా తన్నింది. అది దొర్లుకుంటూ ఉడుం కుర్చీ వెనక ఆగింది.

పదకొండుంపావుకు వాళ్ళు నలభై సీళ్ళూ కోసుకుని వెళ్ళిపోయారు. పన్నెండుకు ఇంజెక్షన్. ఉడుం కుర్చీతో సహా పక్కకు పడింది, వేళ్ళతో సీసా తడిమి మూత తిప్పింది. స్పిరిట్ తగిలిన టేపు అంచు జిగురు వదిలింది. మణికట్టు తిప్పింది, లాగింది, చర్మం ఊడినా ఆగలేదు. చేతులు బయటపడగానే ఎదురింటి టైలర్ దగ్గరికి పరుగెత్తి ఫోన్ లాక్కుని వార్డు నంబరు నొక్కింది.

"సిస్టర్! నేను పేషెంట్ చెల్లెల్ని. ఇంజెక్షన్ చేశారా?"

"ఇదిగో, సూది చేతిలోనే ఉందమ్మా."

"సీలు ఎలా వచ్చింది?"

"రోజూ ముక్కలై గోళ్ళు నొప్పెట్టేవి. సీళ్ళు బాగుచేశారు కాబోలు, ఇవాళ హాయిగా ఒక్కటిగా వచ్చేసింది."

"సూది కింద పెట్టండి!"

అవతల స్టీలు ట్రే గణగణమని మోగింది. ఉడుం టైలర్ కుట్టుమిషన్ మీద తల ఆనించి ఏడ్చేసింది.

వార్డు బయట పూలగుత్తితో కాచుకున్న లిప్‌స్టిక్‌నూ, కారులో ఉన్న బండవాణ్ణీ ఉడుం ఫోన్లో చెప్పిన ఆనవాళ్ళతో గార్డులు పట్టుకున్నారు. సాయంత్రానికి అన్నయ్య కళ్ళు తెరిచి చెప్పిన పేరు అప్పటికే బేడీల్లో ఉంది.

"నా ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడు చీఫ్.

"రేపు కూడా ధిక్కరిస్తాను. సీళ్ళు కోయాలి."

పోలీసు వ్యాన్ ఎక్కబోతూ లిప్‌స్టిక్ ఉడుం ముందు ఆగింది. అది తెలియకపోతే ఆమెకు జైల్లో నిద్ర పట్టేలా లేదు.

"ఒక్కటి చెప్పక్కా. ఆ సీసాలో ఏముంది?"

"స్పిరిట్," అంది ఉడుం.